తరగతి గది దాటిన పాఠం: ఒక కోర్సుకు హక్కుల అనుమతులు సంపాదించిన అనుభవం

భూగోళశాస్త్రంలో నీటి వనరుల మీద చాలా ఏళ్లుగా తరగతిలో చెబుతున్న కోర్సును ఎవరైనా ఉచితంగా చదువుకునేలా, దింపుకుని తమ విద్యార్థులకు తగ్గట్టు మార్చుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచాలని మా విభాగం నిర్ణయించింది. అందులో హక్కుల పరిశీలన బాధ్యత నాకూ, మా గ్రంథాలయాధికారికీ అప్పగించారు. పాఠాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. వాటిలోని ప్రతి బొమ్మ, పటం, ఉల్లేఖన, అభ్యాసం, వీడియో ఎవరిదో, దాన్ని అందరి ముందూ పెట్టే హక్కు మాకు ఉందో లేదో తేల్చడమే మిగిలిన పని. ఆ పని ఎలా సాగిందో, ఎక్కడెక్కడ ఆగిందో వివరంగా రాస్తే ఇదే దారిలోకి వస్తున్న అధ్యాపకులకు ఉపయోగపడుతుందని నమ్మి ఇది రాస్తున్నాను.

పని మొదలుపెట్టగానే సహోద్యోగుల నుంచి ఎక్కువగా వినిపించిన మాట, ‘చదువు కోసమే కదా, చట్టం ఒప్పుకుంటుంది’ అని. ఈ మాటలో నిజం ఉంది, కానీ అది ఎంతవరకు నిజమో చూడాలి. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందం పదో అధికరణం, బోధనలో ఉదాహరణగా చూపేందుకు ఇతరుల రచనలను అవసరమైన మేరకు వాడుకోనిచ్చే వెసులుబాటును సభ్యదేశాల చట్టాలకు వదిలిపెట్టింది. ఆ వాడకం న్యాయమైన పద్ధతికి లోబడి ఉండాలనీ, మూలాన్నీ, రచయిత పేరునూ చెప్పాలనీ కూడా అదే అధికరణం అంటుంది. అంటే ప్రపంచమంతటికీ ఒకే బోధనా మినహాయింపు లేదు; ప్రతి దేశమూ తన గీత తానే గీసుకుంది. భారత కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ బోధనా క్రమంలో చేసే పునరుత్పత్తినీ, పరీక్ష ప్రశ్నలలోనూ జవాబులలోనూ జరిగే వాడకాన్నీ ఉల్లంఘన కాదంటుంది. అమెరికా చట్టం 107వ సెక్షన్ ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండానే చెల్లే న్యాయమైన వాడకం) కింద నాలుగు అంశాలను తూచమంటుంది: వాడకం ఉద్దేశం, మూల రచన స్వభావం, తీసుకున్న భాగం పరిమాణం, మూల రచన మార్కెట్ మీద పడే ప్రభావం. ఐరోపా సమాఖ్య 2019లో తెచ్చిన డిజిటల్ మార్కెట్ నిర్దేశంలోని అయిదో అధికరణం డిజిటల్ బోధనకు మినహాయింపు ఇచ్చింది. అయితే ఇంటర్నెట్‌లో బోధించేటప్పుడు ఆ సంస్థ విద్యార్థులు, బోధనా సిబ్బంది మాత్రమే ప్రవేశించగల భద్రమైన వేదిక మీదే అది జరగాలన్న షరతు పెట్టింది.

ఆ చివరి షరతు దగ్గర మేము చాలాసేపు ఆగాం. మా కోర్సుకు తలుపే ఉండదు. ఎవరు చదువుతారో, ఏ దేశం నుంచి చదువుతారో మాకు తెలియదు. పైగా చదివినవారికి మార్చి, తిరిగి పంచే హక్కు కూడా ఇవ్వదలచాం. బోధనా మినహాయింపులు చాలావరకు ఒక గురువు, ఒక తరగతి, ఒక పాఠం అన్న చట్రంలో రాసినవి. ఆ చట్రం బయట అవి మమ్మల్ని కాపాడతాయని అనుకోవడానికి ఆధారం కనిపించలేదు.

న్యాయస్థానాల తీర్పులు చదివినప్పుడు ఈ సంగతి ఇంకా స్పష్టమైంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్స్ దుకాణం మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు 2016లో తీర్పు చెప్పింది. పుస్తకాల భాగాలతో కూర్చిన కోర్స్ ప్యాక్‌లు బోధనా మినహాయింపు కిందికి రావచ్చనీ, బోధన అంటే తరగతి గదిలో ఉపన్యాసం చెప్పే గంట మాత్రమే కాదనీ ఆ తీర్పు సారం. విద్యార్థుల పక్షాన నిలిచిన గొప్ప తీర్పుగా దాన్ని నేను గౌరవిస్తాను. అమెరికాలో జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం విద్యార్థులకు పుస్తకాల భాగాలను డిజిటల్ రూపంలో అందించడం మీద నడిచిన కేసులో కింది కోర్టు 2012లో పది శాతం లేదా ఒక అధ్యాయం అన్న కొలతను ఆధారం చేసుకుంటే, 2014లో పై కోర్టు అలాంటి గట్టి కొలబద్ద కుదరదని, ఒక్కో భాగాన్నీ విడిగా తూచాలని చెప్పింది. పది శాతం దాకా ఎవరైనా వాడుకోవచ్చన్న మాట ఇప్పటికీ అధ్యాపకుల గదుల్లో వినిపిస్తూనే ఉంటుంది. దానికి చట్టంలో పునాది లేదని ఈ తీర్పు చదివితే అర్థమవుతుంది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ రెండు కేసుల్లోనూ పాఠకులు ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులే. అందరికీ తెరిచి పెట్టిన కోర్సు గురించి ఆ న్యాయస్థానాలను ఎవరూ అడగలేదు.

అందువల్ల మేము ఒక నియమం పెట్టుకున్నాం. బోధనా మినహాయింపు మీద ఆధారపడకుండా, ప్రతి అంశానికీ సొంత హక్కు, లైసెన్సు, రాతపూర్వక అనుమతి, కాపీరైట్ గడువు తీరిపోవడం, క్లుప్తమైన ఉల్లేఖన అన్న అయిదు ఆధారాలలో ఏదో ఒకటి చూపగలగాలి. చూపలేనిది కోర్సులో ఉండదు. ఉల్లేఖనను కూడా జాగ్రత్తగానే వాడాం. పాఠంలో చర్చిస్తున్న వాక్యాలనే తీసుకున్నాం తప్ప, మేము రాయాల్సిన వివరణకు బదులుగా మరొకరి పేరాను పెట్టలేదు.

గ్రంథాలయాధికారి తయారుచేసిన పట్టిక ఈ పనికి వెన్నెముక. ఒక్కో వరుసలో ఒక్కో అంశం: అది ఏ పాఠంలో ఏ పలకం (స్లైడు) మీద ఉంది, సృష్టించినది ఎవరు, ఇప్పుడు హక్కు ఎవరి దగ్గర ఉంది, మాకు ఎక్కడ దొరికింది, ఏ షరతులతో దొరికింది, మేము ఎలా వాడుతున్నాం, ఆధారం ఏమిటి, ప్రస్తుత స్థితి ఏమిటి. సృష్టించినవారికీ హక్కుదారుకూ వేర్వేరు గడులు పెట్టాలని ఆవిడ పట్టుబట్టారు. ఆ పట్టుదల ఎంత అవసరమో ఒక్క జలచక్రం బొమ్మే మాకు చూపించింది.

సముద్రం నుంచి ఆవిరి లేచి, మేఘమై, కొండ మీద వానై, నేలలోకి ఇంకి, నదిగా తిరిగి సముద్రంలో కలిసే ఆ బొమ్మ మొదటి పాఠంలోనే ఉంటుంది. దాని కింద ‘మూలం: ఇంటర్నెట్’ అని మాత్రమే ఉంది. బొమ్మను వెనక్కి వెతికే సాధనంతో గాలిస్తే అదే చిత్రం ఎన్నో బోధనా సైట్లలో, ఎన్నో పలకాల మీద కనిపించింది. ఎవరూ రచయిత పేరు ఇవ్వలేదు. కొన్ని ప్రతుల్లో కుడివైపు అంచు కత్తిరించి ఉంది. కత్తిరించని ఒక ప్రతిలో ఆ అంచున చిన్న అక్షరాల్లో ఒక పుస్తకం బొమ్మ సంఖ్య దొరికింది. ఆ సంఖ్యను పట్టుకుని ఒక పాత పాఠ్యపుస్తకం దాకా వెళ్లాం. ఆ పుస్తకాన్ని వేసిన ప్రచురణ సంస్థ మరో సంస్థలో కలిసిపోయింది. కొత్త సంస్థకు రాస్తే, కొన్ని వారాల తరువాత మర్యాదగానే జవాబు వచ్చింది: పుస్తకం తమదే గానీ ఆ బొమ్మ తమది కాదు, ఒక చిత్రాల ఏజెన్సీ నుంచి ఆ ముద్రణ వరకే హక్కు కొన్నది, కాబట్టి ఇతరులకు అనుమతి ఇచ్చే అధికారం తమకు లేదు. పుస్తకం చివర చిత్రాల కృతజ్ఞతల పేజీలో ఏజెన్సీ పేరు నిజంగానే ఉంది. ఆ పేజీని చదివే అలవాటు అధ్యాపకుల్లో చాలామందికి లేదు. పాఠ్యపుస్తకం మీద ఉన్న కాపీరైట్ గుర్తు లోపలి ప్రతి చిత్రానికీ వర్తిస్తుందని అనుకుంటాం. నిజానికి ఒక్క పుస్తకంలో పదిమంది హక్కుదారులు ఉండవచ్చు.

ఏజెన్సీని సంప్రదించగలిగాం. వారు పరిమిత కాలానికి, పాస్‌వర్డ్ ఉన్న వేదిక మీద చూపేందుకు మాత్రమే లైసెన్సు ఇస్తామన్నారు. మా అవసరం అది కాదు. అప్పుడు ఆ బొమ్మను వదిలేసి జలచక్రాన్ని కొత్తగా గీయించాలని నిర్ణయించాం. ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం ఉంది. కాపీరైట్ వ్యక్తీకరణకే గానీ భావానికి కాదు. ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలో మేధోసంపత్తి హక్కుల మీద కుదిరిన ట్రిప్స్ ఒప్పందం తొమ్మిదో అధికరణం భావాలకు, పద్ధతులకు, గణిత భావనలకు రక్షణ ఉండదని విడమరచి చెప్పింది. నీరు ఆవిరై వానగా తిరిగి వస్తుందన్న విషయం ఎవరి ఆస్తీ కాదు. కానీ పాత బొమ్మను పక్కన పెట్టుకుని అవే కొండలు, అదే కోణం, అవే బాణాలు, రంగు మాత్రం మార్చి గీస్తే అది కొత్త బొమ్మ కాదు, పాత బొమ్మకు రూపాంతరమే. అందుకని చిత్రకారిణికి మేము పాత చిత్రాన్ని చూపించలేదు. చక్రంలోని దశలను వాక్యాలుగా రాసి, భూగర్భజలం కదలికను తప్పనిసరిగా చూపాలని చెప్పాం. పాత బొమ్మలో నేల కింద ఒక నీలం గీత తప్ప ఏమీ లేదు. కొత్త బొమ్మలో నీరు ఇంకే పొర, నీటి మట్టం, అది నది అడుగు నుంచి ఊరే తీరు వచ్చాయి. బోధనకు అది మెరుగైన చిత్రం. చిత్రకారిణితో ఒప్పందాన్ని రాతలో పెట్టాం: పారితోషికం అందాక ఆ చిత్రాన్ని కోర్సుకు వర్తించే బహిరంగ లైసెన్సు (ఎవరైనా వాడుకుని, మార్చి, పంచుకునేందుకు ముందే ఇచ్చే అనుమతి) కింద విడుదల చేయడానికి ఆమె అంగీకారం, ప్రతి వాడకంలోనూ ఆమె పేరు. డబ్బు చెల్లించినంత మాత్రాన బొమ్మ హక్కు దానంతట అదే కొన్నవారి చేతికి వస్తుందని అనుకోకూడదు. దేశాన్ని బట్టి, ఒప్పందాన్ని బట్టి అది మారుతుంది.

పటాలు, ఉపగ్రహ చిత్రాల దగ్గర పని చాలా తేలికైంది. అమెరికా సమాఖ్య ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా తయారుచేసినవాటికి ఆ దేశంలో కాపీరైట్ ఉండదు. నాసా చిత్రాలు సాధారణంగా స్వేచ్ఛగా దొరకడానికి అదే కారణం. అయినా వాటిలో ఇతరుల చిత్రాలు కలిసి ఉంటాయి గనుక ప్రతి చిత్రం కింద ఉన్న గమనికను చదవాల్సిందే. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహ సమాచారం 2008 నుంచి అందరికీ ఉచితం. ఐరోపా భూపరిశీలన కార్యక్రమం కోపర్నికస్ తన సెంటినెల్ ఉపగ్రహాల సమాచారాన్ని మూలం పేర్కొనాలన్న షరతుతో ఇస్తుంది. ఒక జలాశయం ఏళ్ల తరబడి ఎలా కుంచించుకుపోయిందో చూపడానికి అంతకు ముందు ఒక పత్రికలో వచ్చిన చిత్రాలను వాడేవారం. ఇప్పుడు అదే సమాచారాన్ని నేరుగా తీసుకుని విద్యార్థులే తమ చిత్రాలు తయారుచేస్తున్నారు. స్వచ్ఛందంగా ఎందరో కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసిన పటాలకు దాని సమాచార లైసెన్సు కోరినట్టు దానికి సహకరించినవారి ప్రస్తావన, లైసెన్సు వివరం పటం మూలలోనే ముద్రించాం. ప్రభుత్వం తయారుచేసినదంతా స్వేచ్ఛగా వాడుకోవచ్చన్న అభిప్రాయం మాత్రం అన్ని చోట్లా చెల్లదు. భారతదేశంలో ప్రభుత్వ రచనలకు కూడా కాపీరైట్ ఉంది. ప్రభుత్వమే దానికి తొలి హక్కుదారు.

గడువు తీరిన రచనల విషయంలో ఒక చిక్కు వచ్చింది. ఒక పాత యాత్రావర్ణనలోని నది వర్ణనను పూర్తిగా చేర్చాలనుకున్నాం. బెర్న్ ఒప్పందం రచయిత మరణానంతరం కనీసం 50 ఏళ్ల రక్షణ కోరుతుంది. భారతదేశంలో అది 60 ఏళ్లు, ఐరోపా సమాఖ్యలో 70. ఉదాహరణకు 1958లో మరణించిన రచయిత పుస్తకం భారతదేశంలో 2019 జనవరి 1 నుంచి అందరిదీ అయింది. ఐరోపా సమాఖ్యలో 2029 జనవరి 1 దాకా ఆగాలి. అమెరికాలో 1978కి ముందు ప్రచురితమైన రచనలకు లెక్కే వేరు, అది ప్రచురణ తేదీ నుంచి గరిష్ఠంగా 95 ఏళ్ల వరకు వెళుతుంది. ప్రపంచమంతటికీ తెరిచిన కోర్సుకు మేము అన్నింటికన్నా సుదీర్ఘమైన గడువునే ప్రమాణంగా తీసుకున్నాం. పాత పుస్తకానికి తరువాత కాలంలో మరొకరు రాసిన ముందుమాటకూ, వివరణలకూ విడిగా హక్కు ఉంటుంది గనుక వాటిని ముట్టుకోలేదు.

ఇక ఉత్తరాల సంగతి. అనుమతి కోరే ఉత్తరం అస్పష్టంగా ఉంటే జవాబు కూడా అస్పష్టంగానే వస్తుంది. మా ఉత్తరంలో రచన పేరు, ముద్రణ, పేజీ లేదా బొమ్మ సంఖ్య, మేము తీసుకునే భాగం ప్రతి, దాన్ని ఏ పాఠంలో ఏ పని కోసం వాడుతున్నాం, తెలుగులోకి అనువదిస్తామా, ఎంత కాలం, ఏ ప్రాంతానికి, కోర్సును వాడుకునే ఇతరులు కూడా ఆ భాగాన్ని మార్చి పంచవచ్చా, ఏ పదాలతో కృతజ్ఞత చెప్పాలి అన్నవన్నీ రాశాం. వీటిలో ‘ఇతరులు కూడా’ అన్న ప్రశ్నే అసలైనది. చాలామంది రచయితలు మాకు సంతోషంగా అనుమతి ఇచ్చారు. కానీ ఆ అనుమతి మాకే. మా నుంచి కోర్సు తీసుకున్న మరో కళాశాలకు అది చేరదు. అలాంటి అంశాలను కోర్సు లైసెన్సు నుంచి మినహాయించి, వాటి కిందే ఆ సంగతి స్పష్టంగా రాశాం. కొందరు రచయితలు, ముఖ్యంగా పరిశోధకులు, తమ వ్యాసంలోని బొమ్మకు తామే హక్కుదారులమనుకుని వెంటనే సరే అన్నారు. తీరా చూస్తే ప్రచురణ సమయంలో హక్కు పత్రికకు బదిలీ చేసి ఉన్నారు. మా పట్టికలో రెండు గడులు విడిగా ఉండడం ఇలాంటి చోట్ల మళ్లీ మళ్లీ పనికొచ్చింది.

నిరాకరణ కన్నా మౌనమే ఎక్కువ బాధపెట్టింది. కాదన్నవారు ఎందుకు కాదంటున్నారో చెప్పారు, మేము మరో దారి చూసుకున్నాం. జవాబే రాని ఉత్తరాలకు దారి లేదు. మూతపడిన చిన్న ప్రచురణ సంస్థలు, వారసులెవరో తెలియని రచయితలు, పేరు లేని ఫోటోగ్రాఫర్లు. హక్కుదారు దొరకని రచనలకు బ్రిటన్‌లో 2014 నుంచి ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఉంది, అయితే ఆ లైసెన్సు ఆ దేశం లోపలే చెల్లుతుంది. భారత చట్టంలోని 31ఎ సెక్షన్ కూడా రచయిత ఆచూకీ తెలియని రచనలకు నిర్బంధ లైసెన్సు (హక్కుదారు అంగీకారం లేకుండానే చట్టం ప్రకారం ఇచ్చే అనుమతి) కోరే వీలు ఇస్తుంది, కానీ ఒక పాఠంలోని ఒక్క ఫోటో కోసం ఆ ప్రక్రియను నడపడం ఏ అధ్యాపకుడికీ సాధ్యమయ్యే పని కాదు. మౌనాన్ని అంగీకారంగా తీసుకుందామని సూచించినవారు ఉన్నారు. మేము అలా తీసుకోలేదు. ఎవరికీ అక్కరలేనట్టు పడి ఉన్న రచనలు కూడా చదువుకు అందకుండా పోవడం నా దృష్టిలో ఈ వ్యవస్థలోని అతి పెద్ద లోపం. రచయితకు రావలసిన ఆదాయాన్ని కాపాడడం న్యాయమే, అయితే ఇక్కడ ఆదాయం పొందేవారే లేరు.

రచనను ఏ షరతులతో ఉచితంగా వాడుకోవచ్చో రచయితలు ముందే చెప్పే వీలిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులున్న వనరులు ఈ ఖాళీలను చాలావరకు నింపాయి. 2001లో ఏర్పడిన క్రియేటివ్ కామన్స్ సంస్థ తన మొదటి లైసెన్సులను 2002 డిసెంబరులో విడుదల చేసింది. 2013లో వచ్చిన 4.0 కూర్పు ఇప్పుడు విస్తృతంగా వాడుకలో ఉంది. ఆరు లైసెన్సులున్నాయి, అన్నీ ఒకటి కావు. పేరు చెప్పి ఏమైనా చేసుకోమనేది ఒకటి. మార్చిన రూపాన్ని అదే లైసెన్సు కింద పంచాలనే షేర్‌అలైక్ మరొకటి. వాణిజ్యానికి వాడవద్దనే నాన్‌కమర్షియల్, మార్చి పంచవద్దనే నోడెరివేటివ్స్ షరతులు వీటికి తోడు. షేర్‌అలైక్ ఉన్న వికీపీడియా పాఠాన్ని, నాన్‌కమర్షియల్ షేర్‌అలైక్ ఉన్న మరో పాఠాన్ని కలిపి ఒకే అధ్యాయంగా తిరగరాయడం కుదరదు, ఎందుకంటే రెండూ తమ తమ లైసెన్సునే కోరతాయి. పక్కపక్కన విడివిడిగా ఉంచడం కుదురుతుంది. ఈ కారణంగా కరవుల అధ్యాయాన్ని రెండు భాగాలుగా విడగొట్టాం. ప్రతి అంశం కింద శీర్షిక, రచయిత, మూలం, లైసెన్సు, మేము చేసిన మార్పు అన్న అయిదు వివరాలూ ఇచ్చాం. ‘సౌజన్యం: వికీపీడియా’ అని రాసి ఊరుకోవడం ఆ లైసెన్సును పాటించినట్టు కాదు.

తెలుగులో బోధించేవారికి అన్నిటికన్నా తరచుగా ఎదురయ్యే అడ్డంకి అనువాదం. అనువాద హక్కు మూల రచయితదేనని బెర్న్ ఒప్పందం ఎనిమిదో అధికరణం చెబుతుంది. ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోని పేజీలను తెలుగులోకి మార్చి నోట్సుగా ఇవ్వడం మన దగ్గర ఎంత సహజమైపోయిందంటే, దానికి అనుమతి కావాలన్న ఆలోచనే రాదు. 1971 పారిస్ సవరణతో ఆ ఒప్పందానికి చేర్చిన అనుబంధం, అభివృద్ధి చెందుతున్న దేశాలు బోధన, పరిశోధనల కోసం అనువాదానికి నిర్బంధ లైసెన్సులు ఇచ్చే వీలు కల్పించింది. దాని షరతులు, నిరీక్షణ గడువులు బరువైనవి కావడంతో అది ఆచరణలో అరుదుగానే ఉపయోగపడింది. నోడెరివేటివ్స్ లైసెన్సున్న మంచి ఇంగ్లీషు పాఠాలు ఉచితంగా కళ్ల ముందే ఉన్నా వాటిని తెలుగు చేసి పంచలేం. ఉచితంగా పంచాలన్న సదుద్దేశంతోనే ఆ లైసెన్సు ఎంచుకున్న రచయితలకు ఈ పరిణామం తెలియదేమోనన్న ఆలోచనతో కొందరికి విడిగా రాశాం. ఒక రచయిత మా ఉత్తరం చదివి అనువాదానికి అనుమతి ఇవ్వడమే కాక, తన పాఠం లైసెన్సునే మార్చారు. ఇప్పుడు దాన్ని ఏ భాషలోకైనా ఎవరైనా మార్చుకోవచ్చు. ఈ మొత్తం పనిలో నాకు అత్యంత తృప్తినిచ్చిన జవాబు అదే.

అధ్యాపకులు స్వయంగా రాసుకున్న పాఠాలు ఎవరివన్న ప్రశ్నకు జవాబు మేము అనుకున్నంత తేలికగా దొరకలేదు. ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు అన్నది చాలా చట్టాల్లో ఉన్న సూత్రం. బోధన కోసం నియమించిన వ్యక్తి తన నోట్సును ఉద్యోగంలో భాగంగా రాశాడా, విద్వాంసుడిగా తన కోసం రాసుకున్నాడా అన్నది వాదనకు తావున్న విషయం. అందుకే వాదనలోకి దిగకుండా, సంస్థ నుంచి ఒక పత్రం, ప్రతి అధ్యాపకుడి నుంచి మరో పత్రం తీసుకున్నాం. హక్కు ఎవరిదైనా ఈ కోర్సు వరకు బహిరంగ లైసెన్సుకు ఇద్దరూ ఒప్పుకున్నట్టు వాటిలో ఉంది. పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకురాలి పాఠాలు కూడా కోర్సులో ఉన్నాయి. ఆమె సంతకం లేకుండా ముందుకు వెళ్లకూడదని గట్టిగా చెప్పాను. ఆమె సంతకం చేస్తూ, తన పాఠాన్ని ఎవరైనా మార్చితే మార్చినట్టు తెలియజేయాలని మాత్రమే కోరారు. ఆ కోరిక మేము ఎంచుకున్న లైసెన్సులో ఎలాగూ ఉన్న షరతే.

విద్యార్థుల పని గురించి ఇంకా కొంచెం ఎక్కువగా చెప్పాలి. ప్రాజెక్టు నివేదికలు, చేతితో గీసిన పటాలు, తీసిన ఫోటోలు కోర్సుకు ప్రాణం పోసే భాగాలు. అవి మార్కుల కోసం సమర్పించినవి కాబట్టి సంస్థవే అన్న భావన ఎక్కడో నాటుకుపోయింది. అది సరికాదు. విద్యార్థి సాధారణంగా ఉద్యోగి కాడు. అతని రచన అతనిదే. సమర్పించడమంటే మూల్యాంకనానికి ఇవ్వడమే గానీ హక్కు వదులుకోవడం కాదు. అంగీకార పత్రం తయారుచేసేటప్పుడు మేము పట్టుబట్టిన విషయాలు రెండు. మార్కులు ప్రకటించిన తరువాతే అడగాలి. అడిగేది ఆ విద్యార్థికి మార్కులు వేసే అధ్యాపకుడు కాకూడదు. చేతిలో మార్కులున్నవారు అడిగితే కాదనే స్వేచ్ఛ విద్యార్థికి ఉండదు. పేరు ఉంచాలా, పేరు లేకుండా ఉంచాలా అన్నదీ వారి ఇష్టమే. ఒక గ్రామం చెరువుల పటాన్ని ఎంతో ఓపికగా గీసిన విద్యార్థిని పత్రమంతా చదివి, ‘మేడమ్, ఎవరైనా దీన్ని తీసుకుని మార్చుకుంటే అప్పుడు కూడా కింద నా పేరు ఉంటుందా?’ అని గ్రంథాలయాధికారిని అడిగింది. ఉంటుందని, అది లైసెన్సు కోరే షరతని ఆవిడ వివరించాకే సంతకం చేసింది. మరో విద్యార్థి ఒప్పుకోలేదు. కారణం చెప్పాల్సిన అవసరం లేదని పత్రంలోనే ఉంది, మేమూ అడగలేదు. వారి ఫోటోల్లో కనిపించే మనుషుల అంగీకారం వేరే విషయం. బావి దగ్గర నీళ్లు తోడుతున్న వ్యక్తి ముఖం స్పష్టంగా కనిపించే ఫోటో కాపీరైట్ పరంగా సరిగ్గానే ఉన్నా, ఆ వ్యక్తిని అడిగిన ఆధారం లేదు కాబట్టి వాడలేదు.

అభ్యాసాల విషయంలో నిర్ణయం త్వరగానే జరిగింది. పాఠ్యపుస్తకాల నుంచి తెచ్చిన లెక్కలన్నీ తీసేసి కొత్తవి రాశాం. లెక్క చేసే పద్ధతి మీద ఎవరికీ హక్కు లేదు, కానీ ఒక పుస్తకం అల్లిన సందర్భం, వాక్యాలు, ప్రశ్నల అమరిక ఆ పుస్తకానివి. పరీక్ష పత్రంలో వాడినంత మాత్రాన అదే ప్రశ్నను బహిరంగ ప్రశ్నానిధిలో పెట్టవచ్చని కాదు. వీడియోలను దింపి మా సర్వర్‌లో ఉంచకుండా, హక్కుదారులు స్వయంగా పెట్టిన చోటికి లింకులే ఇచ్చాం.

చూపు లేని ఒక విద్యార్థి కోసం చేసిన పని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 2013లో కుదిరి 2016లో అమల్లోకి వచ్చిన మరాకేష్ ఒప్పందం, చూపు లేనివారికీ, అచ్చు పుస్తకం చదవలేని ఇతరులకూ అందుబాటు రూపంలో ప్రతులు చేసేందుకు, వాటిని దేశాల మధ్య పంచుకునేందుకు మార్గం వేసింది; భారతదేశం దాన్ని అందరికన్నా ముందు ఆమోదించింది. బహిరంగ కోర్సులో చేర్చలేకపోయిన పుస్తక భాగాలను కూడా ఈ వెసులుబాటు కింద ఆ విద్యార్థికి చదివి వినిపించే రూపంలో గ్రంథాలయం అందించగలిగింది. కోర్సులోని ప్రతి బొమ్మకూ మాటల్లో వివరణ రాసి, ఆ వివరణలను కూడా అదే లైసెన్సు కింద ఉంచాం.

చివరికి కోర్సు బయటికి వచ్చినప్పుడు పాత పాఠాలతో పోలిస్తే కొన్ని మంచి ఫోటోలు, రెండు సుదీర్ఘమైన గద్యభాగాలు, పత్రికల పటాలు లేవు. వాటి స్థానంలో ఆ పుస్తకం పేరు, అధ్యాయం, పేజీలు ఇచ్చి, గ్రంథాలయంలో చదువుకోమని రాశాం. మా విద్యార్థులకు మాత్రం అవి తరగతిలో మునుపటిలాగే అందుతున్నాయి. అనుమతి పత్రాలన్నీ పట్టికలోని వరుస సంఖ్యతో ఒక చోట భద్రపరిచాం. కాలపరిమితి ఉన్న అనుమతులకు గడువు తేదీ ఎదురుగా ఉంది. గడువుకు ముందే గ్రంథాలయం గుర్తుచేస్తుంది. ఎవరైనా హక్కుదారు అభ్యంతరం చెబితే ఎవరికి రాయాలో, ఆ అంశాన్ని ఎలా తొలగిస్తామో మొదటి పేజీలోనే ఉంది. కొత్త పాఠం ఏది చేర్చినా, పలకం మీద బొమ్మ అతికించే ముందే పట్టికలో వరుస తెరవాలన్న నియమాన్ని విభాగం ఆమోదించింది. వరదల మీద ఇప్పుడు రాస్తున్న అధ్యాయం ఆ పద్ధతిలోనే నడుస్తోంది. దానిలోని పటాలన్నిటికీ మూలం, లైసెన్సు గడులు పాఠం పూర్తికాకముందే నిండాయి.